రెండు వేలు కట్టి పరిగెత్తాలా?

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. హాఫ్ మారథాన్‌కి (21 కిలోమీటర్ల పరుగుకి) పేరిద్దామని చూస్తే ఫీజు, పన్ను, ఆ వెబ్‌సైట్ వాళ్ల చార్జీ అన్నీ కలిపి రెండు వేల దాకా వచ్చిందని, "రోడ్డు మీద పరిగెత్తడానికి కూడా డబ్బులు కట్టాలా" అని మీ నాన్న నవ్వాడని రాశావు. మీ నాన్న నవ్వులో న్యాయం లేకపోలేదు. నేను పరుగు మొదలుపెట్టినప్పుడు వందల్లో ఉండే ఫీజు ఇప్పుడు పెద్ద ఊళ్లలో టెన్‌కేకే, అంటే పది కిలోమీటర్లకే, వెయ్యికి అటూ ఇటూ ఉంది, హాఫ్ అంటే పదిహేను వందల నుంచి రెండు వేలు, ఫుల్ (42 కిలోమీటర్లు) అయితే ఇంకా పైన. హాస్టల్ అద్దె కట్టి, ఇంటికి కొంత పంపి, మిగిలిన జీతంలోంచి ఇది తియ్యాలంటే ఎవరైనా ఆగి ఆలోచిస్తారు.

నేను చెప్పేది ముందే చెప్పేస్తాను. ఏడాదికి ఒక్క రేసుకి కట్టు. అదీ నీ అంతట నువ్వు ఏర్పాటు చేసుకోలేనిదేదో ఇచ్చే రేసుకి కట్టు. మిగతా ఏడాదంతా ఊరికే పరిగెత్తు, దానికెవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

ఏర్పాటు చేసుకోలేనిదంటే ఏంటి? మెడల్ కాదు, టీషర్ట్ కాదు. ఆ డ్రై ఫిట్ టీషర్ట్‌లు మా ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి, మీ పెదనాన్న వాటితో స్కూటర్ తుడుస్తుంటాడు. మనం చేసుకోలేనిది ఖాళీ రోడ్డు. ఆగస్టు ఆఖరి ఆదివారం హైదరాబాద్ మారథాన్‌లో తెల్లవారకముందే పీపుల్స్ ప్లాజా దగ్గర బయల్దేరి, ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ గచ్చిబౌలి స్టేడియం దాకా పరిగెత్తాలంటే, ఆ దారిలో ఎన్ని కూడళ్లు ఉన్నాయో, ఒక్కోచోట ఎంతమంది పోలీసులు నిలబడాలో, ఎన్ని బారికేడ్లు పెట్టాలో రోజూ ఆ ట్రాఫిక్‌లో ఆఫీసుకి వెళ్లేదానివి నీకే తెలుసు. దానికి తోడు ఆడవాళ్లం మనం. నాలుగున్నరకి చీకట్లో ఒక్కదానివే ఇరవై కిలోమీటర్లు వెళ్లగలవా? వెళ్తానన్నా నేను వెళ్లనివ్వను. వేలమంది మధ్యలో, వెనకా ముందూ అంబులెన్సులతో, భయం లేకుండా ఊరి నడిబొడ్డున పరిగెత్తే ఆ రెండు మూడు గంటలు మాత్రం డబ్బు పెడితేనే దొరుకుతాయి. ముంబై మారథాన్‌లో బాంద్రా–వర్లీ సీ లింక్ మీద పరిగెత్తడానికి జనం ఎగబడేదీ అందుకే, మామూలు రోజుల్లో అక్కడ నడిచేవాళ్లని కాదు కదా, టూ వీలర్లని కూడా రానివ్వరు.

ఫీజు ఎందుకు పెరుగుతోందో తెలియాలంటే పార్కుకీ రోడ్డుకీ ఉన్న తేడా చూడాలి. ఇంగ్లండ్‌లో ఉన్న మీ అన్నయ్య ప్రతి శనివారం పొద్దున పార్క్‌రన్‌కి వెళ్తాడు కదా, అయిదు కిలోమీటర్లు, పైసా ఫీజు లేదు. 2004లో లండన్‌లోని బుషీ పార్కులో పదమూడు మంది రన్నర్లతో మొదలైంది అది, ఇప్పుడు ఎన్నో దేశాల్లో నడుస్తోంది, ఇంకా ఉచితమే. ఎలాగంటే, పార్కులో పరిగెత్తుతారు కాబట్టి రోడ్లు మూయక్కర్లేదు, టైం రాసేది వాలంటీర్లు, మెడల్ లేదు, టీషర్ట్ లేదు. న్యూయార్క్ మారథాన్ కూడా 1970లో మొదటిసారి సెంట్రల్ పార్కు లోపలే జరిగింది. పేరిచ్చింది 127 మంది, ఫీజు ఒక్క డాలరు. 1976లో పార్కు దాటి ఊరంతా, అయిదు బరోల (ఊరి పెద్ద భాగాల) మీదుగా వెళ్లింది, ఇప్పుడు ఆ ఫీజు వందల డాలర్లు. పార్కు గేటు దాటి రోడ్డెక్కిందంటే పర్మిషన్లు, బందోబస్తు, అంబులెన్సులు, ఇన్సూరెన్స్, మొబైల్ టాయిలెట్లు, చెత్త ఎత్తేవాళ్లు, అన్నీ వచ్చి పడతాయి. నిర్వాహకులందరూ దోచుకుంటున్నారని మీ నాన్న అనేది అందుకే నేను ఒప్పుకోను. స్పాన్సర్ దొరికిన ఏడాది కొంత వాళ్లు భరిస్తారు, దొరకని ఏడాది అదంతా మన నెత్తినే.

అలాగని అడిగినంతా ఇచ్చేయమనడం లేదు. పెరిగిన ఫీజులో కొంత రోడ్డుకి వెళ్తుంది, కొంత స్టేజీకి వెళ్తుంది. డీజే, జుంబా, సినిమా వాళ్లెవరో వచ్చి జెండా ఊపడం, అరచేతిలో పట్టనంత మెడల్, గూడీ బ్యాగ్‌లో ఎవరూ తాగని ప్రొటీన్ పౌడర్ ప్యాకెట్లు, వీటికి నేను కట్టను. టీషర్ట్ వద్దంటే ఫీజు తగ్గించే రేసులు కూడా అక్కడక్కడా ఉన్నాయి, అలాంటిది కనిపిస్తే వద్దనే గడిలోనే టిక్ పెట్టు. ఇక నెలకొకటి చొప్పున పుట్టుకొచ్చే అయిదు కిలోమీటర్ల "అవేర్‌నెస్ రన్"ల మాటంటావా, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మొదలై సర్వీసు రోడ్డు మీదే తిరిగి వచ్చేదానికి ఏడెనిమిది వందలు దేనికి? మంచి పనికి డబ్బివ్వాలనిపిస్తే నేరుగా ఆ సంస్థకే ఇచ్చి, ఆదాయపు పన్ను మినహాయింపుకి 80జీ రసీదు తీసుకో (కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపు రాదు, అది వేరే సంగతి). ఇంట్లో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తి స్క్రీన్‌షాట్ పంపిస్తే కొరియర్‌లో మెడల్ పంపే వర్చువల్ రన్‌ల గురించి మాట్లాడను, నాకు బీపీ పెరుగుతుంది.

కట్టేముందు ఏ రేసు మంచిదో తెలుసుకోవడానికి అందరూ చేసే పని, బాగా పరిగెత్తేవాళ్లని అడగడం. వాళ్లు గంటన్నరలో హాఫ్ ముగించి, చల్లటి నీళ్లు తాగి, వేడి ఇడ్లీ తిని, ఫొటోలు దిగి ఇంటికెళ్లిపోతారు, వాళ్లకి అన్ని రేసులూ బాగానే ఉంటాయి. నువ్వు అడగాల్సింది చివర వచ్చినవాళ్లని. మొదటి హాఫ్ నీకు మూడు గంటల దాకా పట్టొచ్చు, అందులో తప్పేమీ లేదు, నాకూ అంతే పడుతుంది. మనమూ వాళ్లంతే ఫీజు కడతాం, కానీ మనం వచ్చేసరికి ఎండెక్కుతుంది, నీళ్ల గ్లాసులు అయిపోతాయి, అరటిపళ్ల అట్టపెట్టెలు ఖాళీగా ఉంటాయి, పోలీసులు ట్రాఫిక్ వదిలేస్తారు. ఓ ఊళ్లో (పేరెందుకులే) పదిహేనో కిలోమీటరు దాటాక రెండు వాటర్ పాయింట్లలోనూ చుక్క నీళ్లు లేవు, టేబుళ్లు మడతపెడుతున్న కుర్రాళ్లు "ముందొచ్చినవాళ్లు రెండేసి బాటిళ్లు పట్టుకెళ్లారాంటీ" అన్నారు. కిరాణా కొట్టు తెరుస్తున్న పెద్దాయన వాటర్ ప్యాకెట్లు ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. ఆ రేసు ఫీజు తక్కువేమీ కాదు.

పెద్ద పేరున్నచోట ఇలా జరగదనుకోకు. 2007 అక్టోబరులో షికాగో మారథాన్ రోజున ఎండ ముదిరి వేడి ముప్పై డిగ్రీలు దాటితే, నీళ్లు సరిపోక, జనం పడిపోతుంటే మధ్యలోనే రేసు ఆపేయాల్సి వచ్చింది. మన దగ్గర ఆగస్టులో ఎండ లేకపోయినా గాలిలో తేమకి ఒళ్లంతా తడిసిపోతుంది. అందుకే కిందటేడు పరిగెత్తినవాళ్లు, అందులోనూ మూడు గంటలకి అటూ ఇటూ వచ్చినవాళ్లు దొరికితే ఇవి అడుగు: చివరిదాకా నీళ్లు, ఓఆర్ఎస్ ఉన్నాయా, ఎన్ని కిలోమీటర్లకో వాటర్ పాయింట్ పెట్టారు, టాయిలెట్లు స్టార్ట్ దగ్గరేనా దారిలో కూడా ఉన్నాయా, కటాఫ్ (రేసు ముగించడానికి ఇచ్చే గడువు) ఎంత, కటాఫ్ లోపల వచ్చినవాళ్లకి మెడల్ అందిందా, రోడ్డు చివరిదాకా మూసి ఉంచారా. ఇవన్నీ బాగున్నాయని ఇద్దరు ముగ్గురు చెబితే రెండు వేలు కూడా ఎక్కువ కాదు. ఎవరూ సరిగ్గా చెప్పలేకపోతే అయిదు వందలైనా దండగే.

దూరం సంగతి కూడా చూడు. కోర్సు, అంటే పరిగెత్తే దారి, సరిగ్గా కొలిచి సర్టిఫై చేశారా లేదా అనేది వెబ్‌సైట్‌లో ఉంటుంది. అలాంటి కోర్సుని సైకిల్ చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగించి, మలుపుల దగ్గర అతి దగ్గరి దారి పట్టుకుంటూ కొలుస్తారు. పొరపాటున కూడా తక్కువ పడకూడదని వెయ్యికి ఒకటి చొప్పున, అంటే ఫుల్ మారథాన్‌కి 42 మీటర్లు కలుపుతారు. కాబట్టి నీ వాచీలో 21.1 బదులు 21.3 వస్తే గొడవ పడకు, ఆ కలిపింది కొంత, మలుపుల్లో మనం తిరిగిన అదనం కొంత, ఫ్లైఓవర్ల కింద జీపీఎస్ తప్పులు కొంత. కిలోమీటరు తగ్గితే మాత్రం అడుగు. టెన్‌కేలకి ఇదంతా అవసరం లేదు, కానీ ఎప్పుడైనా ముంబైలో ఫుల్ చెయ్యాలనుకుంటే పేరు ఇచ్చేటప్పుడే పాత రేసు టైమింగ్ సర్టిఫికెట్ అడుగుతారు, అప్పుడు ఏదో ఒక రేసుది ఉంటే సరిపోదు.

ముంబై మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఫీజు చూసి బెదిరిపోతున్నావు గానీ ఊరు దాటి వెళ్తే ఫీజే అన్నిటికన్నా చిన్న ఖర్చు. అది జనవరి మూడో ఆదివారం, అంటే సంక్రాంతి అయిన కొద్ది రోజులకే, ఆ వారం రైలు టికెట్ దొరకడమే గగనం, పైగా బిబ్ (చొక్కాకి తగిలించుకునే నంబరు కాగితం) ముందు రోజులోపే, అవి పంచే ఎక్స్‌పోకి వెళ్లి తెచ్చుకోవాలి కాబట్టి హోటల్ తప్పదు. అరిసెలు తిన్న కడుపుతో పరిగెత్తడం ఇంకో ముచ్చట. మొదటి రెండేళ్లు నువ్వున్న ఊళ్లోనే చెయ్యి. లేదంటే వైజాగ్‌లో మీ అత్త ఇల్లుంది, నేవీ మారథాన్ బీచ్ రోడ్డులోనే, ఉండడానికీ తినడానికీ ఖర్చుండదు.

ఎర్లీ బర్డ్ అని ఆరు నెలల ముందే తక్కువకి అమ్ముతారు. రెండు మూడు వందలు మిగులుతాయని ఆశపడి కట్టేస్తారు, తర్వాత కాలు బెణికినా, ప్రాజెక్టు నెత్తిన పడినా ఆ డబ్బు తిరిగి రాదు, చాలాచోట్ల పేరు మార్చడం కూడా కుదరదు. నువ్వు ఇప్పటికే వారానికి మూడు రోజులు పరిగెత్తుతూ, ఆదివారం పది పన్నెండు కిలోమీటర్లు కష్టం లేకుండా చేస్తుంటే ఎర్లీ బర్డ్ తీసుకో. "డబ్బు కడితే అదే పరిగెత్తిస్తుంది" అనేవాళ్ల మాట వినకు, జిమ్ములకి కట్టినవాళ్లంతా ఏమయ్యారో మన ఇంట్లోనే చూశాం. ఇంకోటి, కట్టాను కదా అని మోకాలి నొప్పితోనో జ్వరంతోనో స్టార్ట్ లైన్ దగ్గర నిలబడొద్దు. పోయిన రెండు వేలు పోయాయి, ఫిజియో దగ్గరికి వెళ్తే వాళ్లు ఒక్కో సిటింగ్‌కి ఎంత తీసుకుంటారో కనుక్కో.

వాట్సాప్ గ్రూపుల్లో చివరి వారం "బిబ్ అమ్మబడును, సగం ధర" అని వస్తాయి. తీసుకోకు. ఆ బిబ్ వెనకాల అమ్మినవాళ్ల బ్లడ్ గ్రూప్, వాళ్లింటి ఫోన్ నంబరు ఉంటాయి. దారిలో నువ్వు కళ్లు తిరిగి పడిపోతే డాక్టర్లు ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్లింటికి ఫోన్ చేస్తారు. అసలు బిబ్ లేకుండా గుంపులో కలిసి పరిగెత్తితే ఎవరడుగుతారని మీ తమ్ముడు అన్నాడట, వాడికి చెప్పు, నీళ్లు లెక్కపెట్టి తెస్తారు, వాడు తాగే ప్రతి గ్లాసూ వెనకాల వచ్చే నాలాంటి వాళ్లది.

సరే, ఈ ఏడాదికి నువ్వు చెయ్యాల్సింది. మూడు నెలలు ఊరికే పరిగెత్తు. నీ హాస్టల్ గచ్చిబౌలి వైపే కాబట్టి పొద్దున బొటానికల్ గార్డెన్, ఆదివారం నెక్లెస్ రోడ్డు. ఊళ్లో రన్నర్ల గుంపులు చాలానే ఉన్నాయి, ఆదివారం లాంగ్ రన్‌కి ఎవరొచ్చినా కలుపుకుంటారు, కొత్తవాళ్ల కోసం ఒకరిద్దరు నెమ్మదిగా కూడా వస్తారు. మంచి గుంపులో సలహా దొరుకుతుంది, అరటిపండు దొరుకుతుంది, ఒక్కోసారి పెళ్లి సంబంధం కూడా (నేనేమీ అనలేదు). పద్నాలుగు కిలోమీటర్లు హాయిగా చేసిన రోజున హాఫ్‌కి డబ్బు కట్టు. అప్పటికి ఎర్లీ బర్డ్ అయిపోయినా పర్వాలేదు, ఆ తేడా నేనిస్తాను.

అంతకంటే ముందు షూస్ కొను. ఆ కాలేజీ నాటి షూస్‌తో పరిగెత్తితే రేసు దాకా రావు. మూడు నాలుగు వేలు పెట్టు, అంతకి మించి అక్కర్లేదు, అడుగున కార్బన్ ప్లేట్ ఉన్న షూస్ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. షాపుకి సాయంత్రం వెళ్లు, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, బొటనవేలి ముందు వేలెడు జాగా ఉందో లేదో నిలబడి చూసుకుని తీసుకో. ఏ సైజు వచ్చిందో నాకు మెసేజ్ పెట్టు.

పెద్దమ్మ