హోమ్ రన్ పడ్డాక వరసగా వాక్‌లు ఇస్తుంటే

బేస్‌బాల్‌లో పిచర్‌గా బంతి విసిరే మీ బాబు, హోమ్ రన్ (బ్యాటర్ ఒక్క దెబ్బతో బేస్‌లన్నీ చుట్టి వచ్చేది) పడగానే ఇద్దరు ముగ్గురికి వాక్ (నాలుగు తప్పు బంతులు వేసి ఫస్ట్ బేస్ ఊరికే ఇవ్వడం) ఇచ్చేస్తున్నాడంటే, చాలాసార్లు కారణం తొందరే. కసికొద్దీ బలంగా విసురుతాడు, గ్లవ్ తొడిగిన చేతి వైపు భుజం ముందే పక్కకి తిరిగిపోతుంది, బంతి పైకి పోతుంది.

1. కొత్త బంతి అందగానే రబ్బర్ (పిచర్ కాలు ఆనించి విసిరే పలక) ఎక్కకూడదు. చాలామంది పిల్లలు వదిలేసేది ఇదే. మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) వెనక్కి దిగి, బంతిని రెండు అరచేతులతో రుద్దుతూ, ముక్కుతో పీల్చిన గాలిని నోటితో మెల్లగా వదలాలి. భుజాలు కిందికి జారేదాకా అక్కడే ఉండాలి. పది సెకన్లు చాలు.

2. తర్వాతి బంతి ఏదో, ఎక్కడికో కిందే తేల్చుకుని ఎక్కాలి.

3. హోమ్ రన్‌తో బేస్‌లన్నీ ఖాళీ అయ్యాయి, రన్నర్ బెంగ లేదు. పూర్తి వైండప్‌తో (విసిరే ముందు ఒళ్లంతా కదిలించే పూర్తి ఊపుతో), తన మామూలు వేగంతో, బ్యాటర్ మోకాళ్ల ఎత్తున ఫాస్ట్‌బాల్ (నేరుగా వెళ్లే వేగపు బంతి) వేయమనండి.

ఈ వరసంతా ప్రాక్టీసులోనే అలవాటు చేయించండి. మ్యాచ్‌లో మాత్రం బయటినుంచి "స్ట్రైక్ (సరైన చోట పడే బంతి) వెయ్యి" అని దయచేసి అరవకండి, మళ్లీ తొందరపడతాడు.