ఫోనెత్తే మనిషి, పట్టుకునే మనిషి

అమ్మడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. నువ్వు పెట్టబోయే పశువుల ఆసుపత్రికి నరసాపురంలో రెండు గదుల షాపు దొరికిందని, స్కానింగ్ మెషిన్ ఇప్పుడే కొనాలా ఏడాది ఆగాలా అని, బోర్డు మీద నీ పేరు ఒక్కటే రాయించాలా అని అడిగావు. అన్నీ అడిగావు కానీ గేదెను పట్టుకునేది ఎవరు, రాత్రి పదింటికి ఫోనొస్తే ఎత్తేది ఎవరు అన్నది ఒక్క ముక్క రాయలేదు. మీ మావయ్య పక్కన ముప్పై ఏళ్లు కౌంటర్లో కూర్చున్నదాన్ని. నాకు వైద్యం రాదు. కానీ పశువుల ఆసుపత్రికి మంచి పేరు ఎలా వస్తుందో, ఎలా పోతుందో దగ్గరుండి చూశాను. అది డాక్టరు చేతిలో ఎంత ఉంటుందో డాక్టరు చుట్టూ ఉన్న నలుగురి చేతిలోనూ అంతే ఉంటుంది. మెషిన్ సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఫోను. మీ అత్తగారు ఎత్తుతానన్నారని రాశావు, చాలా సంతోషం. చుట్టుపక్కల ఊళ్లలో ఆవిడకు తెలియని ఇల్లు లేదు, ఆవిడ గొంతు వింటేనే సగం టెన్షన్ తగ్గుతుంది. అయినా ఆవిడకు నేర్పించాలి, మర్యాదగా, కూర్చోబెట్టి. నేను ఎలా నేర్చుకున్నానో విను. మేం మొదలుపెట్టిన రెండో ఏడు, మావయ్య గోదావరి లంకలోకి వెళ్లి ఇంకా రాలేదు. సాయంత్రం ఒకాయన ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి "గేదె పడుకుంది, లేవట్లేదు, మేత ముట్టట్లేదమ్మా" అన్నాడు. రేపు పొద్దున్నే పంపిస్తానన్నాను. ఈని ఎన్ని రోజులైందని అడగలేదు. ముందు రోజే ఈనిందట. పాలజ్వరం. పేరుకే జ్వరం గానీ ఒళ్లు చల్లబడుతుంది, ఒంట్లో కాల్షియం అంతా పాలలోకి దిగిపోయి మెడ డొక్క వైపు తిప్పుకుని పడిపోతుంది. వేళకు నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలా గేదెలు కాసేపట్లోనే లేచి నిలబడతాయి, మావయ్య చేతి మీద ఎన్ని లేచాయో లెక్కలేదు. ఆ గేదె మాత్రం తెల్లారేసరికి పోయింది. ఆ ఇంటికి అదొక్కటే పాడి. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు, ఆయన అనకపోవడమే ఇప్పటికీ నాకు గుర్తు.

ఆ మర్నాడే ఒక అట్ట ముక్క మీద ప్రశ్నలు రాసి ఫోను పక్కన మేకుకు తగిలించాను. ఈనిందా, ఎప్పుడు? లేచి నిలబడుతోందా? ఎడమ డొక్క ఉబ్బిందా? పేడ వేసిందా? నిన్నా ఇవాళా ఏం తిన్నది? ఈ మధ్య కుక్క ఏదైనా కరిచిందా? ఈ ఆరూ అడిగితే చాలు, ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో నీకు తెలిసిపోతుంది. "ఏం తిన్నది" అన్నది చిన్న ప్రశ్న అనుకోవద్దు. పెళ్లిళ్ల రోజుల్లో మిగిలిన అన్నం గంగాళంతో తెచ్చి గేదె ముందు పోస్తారు, కనుమ నాడు ప్రేమకొద్దీ పొంగలి పెడతారు, అది కడుపులో పులిసిపోయి పశువు మర్నాటికి నేల కరుస్తుంది. వాళ్లంతట వాళ్లు చెప్పరు, ఎందుకంటే అన్నం పెట్టడం తప్పని వాళ్లకు తోచదు. అడగాలి.

ఈనలేక అవస్థ పడుతున్నది, గర్భసంచి బయటికి జారినది, డొక్క ఉబ్బినది, పాము కరిచినది, మూత్రం బంద్ అయిన మగపిల్లి, ఇవేవీ రేపటికి ఆగవు. నువ్వు వెళ్లలేని చోటైతే ఆ మాట వెంటనే చెప్పేయమను, 1962కి ఫోన్ చేస్తే గవర్నమెంటు సంచార పశువైద్య వాహనం వస్తుందని ఆ నంబరు కూడా ఇవ్వమను. "వస్తారు, దారిలో ఉన్నారు" అని అబద్ధం చెప్పి కూర్చోబెట్టడం కంటే పెద్ద ద్రోహం ఇంకోటి లేదు.

ఎద సూది కోసం, అంటే చూడి కట్టించే వీర్యం సూది కోసం, వచ్చే ఫోన్లు వేరే. గేదెకు ఆవులా గట్టిగా ఎద కనబడదు, చాలావాటికి రాత్రిపూటే వస్తుంది, అరవవు కూడా. అందుకని "తీగ ఎప్పుడు వేసింది" అని, అంటే ఎదలో వెనక జారే జిగురు ఎప్పుడు కనబడిందని, అడిగి టైము రాయాలి. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున, అదీ లెక్క. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేశాక గేదెలకు మునగడానికి నీళ్లుండవు, ఆ వేడికి ఎద అసలు పైకి తేలదు, పాలు కూడా పడిపోతాయి. ఆ రెండు నెలలూ మందు అమ్మడం కంటే నీడ, తడి గోనెపట్టాలు, రోజుకు నాలుగుసార్లు నీళ్లు కొట్టమని చెప్పడమే ఎక్కువ పని చేస్తుంది. దానికి డబ్బులు రావు, అయినా చెప్పు.

ఇప్పుడు పట్టుకునే మనిషి. మన కాంపౌండరు బాబాయ్ నీకు గుర్తున్నాడుగా, చిన్నప్పుడు నిన్ను సైకిల్ మీద ఎక్కించుకుని గోదావరి దాటించే పంటు దాకా తీసుకెళ్లేవాడు. ఆయన చదివింది ఏడో తరగతి. ముక్కుతాడు పట్టుకుని చెవి దగ్గర ఏదో గొణిగితే ఎంత పొగరు గేదైనా నిలబడేది. కానీ మేం ఆయన విషయంలో ఒక పెద్ద తప్పు చేశాం. ఒక గేదెను తీసుకొచ్చి గొంతులో తాటి టెంక అడ్డుపడిందన్నారు. చొంగ కారుతోంది, గొంతు మారి వింతగా అరుస్తోంది, మాటిమాటికీ ముక్కుతోంది. బాబాయ్ చెయ్యి మోచేతి దాకా నోట్లో పెట్టి వెతికాడు. టెంకా లేదు ఏమీ లేదు. అప్పుడు మావయ్యకు అనుమానమొచ్చి అడిగితే నెల కిందట కుక్క కరిచిందన్నారు. పిచ్చికుక్క జబ్బు, రేబీస్. మూడో రోజుకు గేదె పోయింది. బాబాయ్ చేతి మీద గీతలున్నాయి. సబ్బుతో నీళ్ల ధార కింద పావుగంట కడిగించి ఆసుపత్రికి పంపాం, సూదుల కోర్సు పూర్తయ్యేదాకా ఆయన భార్య మా ఇంటి గుమ్మంలో కూర్చునేది. ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఆయన మా దగ్గర చేరిన మొదటి నెలలోనే వేయించాల్సిన టీకాలు మేం వేయించలేదు, ఆ సంగతే మా బుర్రకు తట్టలేదు.

నువ్వు మాత్రం తలుపు తెరవకముందే, నీకూ, నీ దగ్గర చేరే కుర్రాడికీ, ఊడ్చే అమ్మాయికీ, అందరికీ ముందస్తు రేబీస్ టీకా వేయించు. మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు, మూడు డోసులు. కరిచాక మళ్లీ వేయించుకోవాల్సిందే, అయినా ఇది ముందుంటే అప్పుడు పడేవి తక్కువ. మాయ తీసేటప్పుడు భుజం దాకా వచ్చే గ్లవ్స్ లేకుండా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకు, ఈసుకుపోయే జబ్బు, అదే బ్రూసెల్లోసిస్, మనిషికి అంటుకుంటే నెలల తరబడి జ్వరం వదలదు. వాడిన సూదులు చెత్తబుట్టలో వేయొద్దు, గుచ్చుకోని గట్టి డబ్బాలో వేసి హాస్పిటల్ చెత్త తీసుకెళ్లేవాళ్లకు ఇవ్వాలి, మనుషుల ఆసుపత్రికున్న రూలే మనకూ ఉంది. కుర్రాడికి జీతం ఒకటో తారీకునే ఇవ్వు. రాత్రి కాన్పుకు వస్తే దానికి వేరే ఇవ్వు. పశువు యజమాని ముందు కుర్రాడిని తిట్టకు, వాడికి పరువు పోతే మర్నాడు చెయ్యి గట్టిగా పట్టడు, దెబ్బ నీకే తగులుతుంది.

ఫ్రిజ్ గురించి గట్టిగా చెప్తున్నాను. టీకాల ఫ్రిజ్‌లో పెరుగు, పులిహోర, మల్లెపూలు ఏవీ పెట్టొద్దు. ఇంటి ఆసుపత్రి కదా, అల్లుడు నీళ్ల సీసా పెడతాడు, పిల్లలు ఐస్ కోసం తీస్తారు, తలుపు పదిసార్లు తెరిస్తే చల్లదనం ఎక్కడ నిలుస్తుంది? 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు, తలుపు అరల్లో పెట్టకూడదు. లోపల థర్మామీటర్ పెట్టి పొద్దునా సాయంత్రం నోట్‌బుక్‌లో రాసే పని అల్లుడికి అప్పజెప్పు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను నీకు కథే, నువ్వు అప్పటికి పుట్టలేదు. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడిపోయాయి, పశువులు ఎన్ని పోయాయో, కళేబరాల వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. రోజుల తరబడి కరెంటు లేదు. సరిగ్గా అప్పుడే టీకాలు కావాలి, మా ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ వేడెక్కిపోయాయి. "కొంచెమన్నా పని చేస్తాయేమో వేసేయండి" అని జనం బతిమాలారు. మావయ్య ఒక్కటి కూడా వెయ్యలేదు, అన్నీ గోతిలో పూడ్పించారు. ఆ నెల మా ఇంట్లో చేతికి డబ్బాడలేదు. నువ్వు ఇన్వర్టర్ కొను, ఐస్ ప్యాకులు ఉంచు. స్కానింగ్ మెషిన్ కంటే ఇది ముందు. ఎద సూది వీర్యం దాచే నైట్రోజన్ క్యాన్ మూసిన గదిలో పెట్టి ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకు, కారులో అద్దాలన్నీ బిగించి తీసుకెళ్లకు, ఊపిరాడదు.

రిజిస్టర్ రాయి. ఫోన్లో కాదు, పుస్తకంలో, ఊరు పేరుతో పేజీలు పెట్టి. ఎద సూది వేసిన తారీకు రాస్తే మూడు నెలలకు చూడి పరీక్షకు రమ్మని నువ్వే ఫోన్ చేయొచ్చు. చాలామంది చూడి కట్టిందనుకుని ఆరు నెలలు మేపి, ఒట్టిదని తెలిశాక తల పట్టుకుంటారు. ఇన్సూరెన్స్ ఉన్న పశువు చెవిపోగు నంబరు కూడా రాసుకో, పోగు ఊడిపోతే వెంటనే కంపెనీకి చెప్పి కొత్తది వేయించుకోమను. పోగు లేకపోతే క్లెయిమ్ రాదు, ఏడుస్తున్న రైతుకు ఆ మాట నువ్వు చెప్పాల్సి వస్తుంది.

డబ్బు మాట పశువును ముట్టుకోకముందే చెప్పు. ఎంతవుతుందో, బతికే ఆశ ఎంతో రెండూ ఒకేసారి. మందుల డబ్బు అప్పటికప్పుడు తీసుకో, నీ ఫీజు కావాలంటే పాలబిల్లు పడే రోజుదాకా ఆగు. నేను అలాగే రాసుకునేదాన్ని, ఎగ్గొట్టినవాళ్లు చాలా తక్కువ. మందు కవరు చేతిలో పెట్టేటప్పుడు "ఇన్ని రోజులు ఈ పాలు పాలకేంద్రానికి పోయకండి" అని కౌంటర్లో మనిషి చెప్పి తీరాలి, పొదుగువాపు ట్యూబులకు మరీనూ. ఇంకో మాట, రొయ్యల చెరువుల వాళ్లు వచ్చి యాంటిబయాటిక్ డబ్బాలకు డబ్బాలు అడుగుతారు, రొక్కం చూపిస్తారు. వద్దు. ఒకసారి ఇస్తే నీ కొట్టు వాళ్ల స్టోర్ రూమే అవుతుంది.

ఇప్పుడు కుక్కలు ఎక్కువయ్యాయి, మా రోజుల్లో లేదు ఇంత. టౌన్‌లో నీ రాబడిలో చాలా భాగం వాటిదే అవుతుంది, అదేం తప్పు కాదు. కాకపోతే వాంతులు, రక్తవిరేచనాలతో వచ్చిన కుక్కపిల్లను, పార్వో అనే అంటుజబ్బు ఏమో తేలేదాకా, టీకాకు వచ్చిన కుక్కపిల్లల పక్క బెంచీ మీద కూర్చోబెట్టకు. బయట ఆటోలోనే చూడు, నేల బ్లీచింగ్‌తో కడిగించు. పల్లెల కాల్స్ పాలు పిండే వేళలకు, కుక్కలు మధ్యలో, అలా టైములు విడగొట్టుకో. ఎక్స్‌రే కావాలన్నా, ఎముక ఆపరేషన్ అన్నా నీ దగ్గర కాదనిపిస్తే గన్నవరం వెటర్నరీ కాలేజీకి పంపించేయి, కృష్ణా జిల్లా గన్నవరం అని స్పష్టంగా రాసివ్వు, మన పి.గన్నవరం వెళ్లి తిరిగొచ్చినవాళ్లున్నారు.

ఆడపిల్ల కాన్పు ఏం చేస్తుందంటారు. అననీ. అడ్డం పడ్డ కాన్పులో సన్నటి చెయ్యి ఎంత అక్కరకొస్తుందో ఒక్కసారి చూస్తే వాళ్లే పది ఊళ్లు చెప్తారు. కానీ రాత్రి ఒక్కదానివే వెళ్లకు, కుర్రాడు కానీ అల్లుడు కానీ పక్కన ఉండాలి, ఏ ఊరు ఏ ఇల్లో గోడ మీద పలక మీద రాసి వెళ్లు.

చివరిగా ఒకటి, ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ముప్పై ఏళ్లు నేను ఫోనెత్తాను, రిజిస్టర్ రాశాను, సూదులు మరిగించాను, రాత్రి రెండింటికి కాఫీ కాచి రైతుకిచ్చాను. దానికి జీతం అన్న మాట మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. మావయ్య పోయాక బ్యాంకులో నా పేరు మీద ఉన్నది చూసుకుంటే అప్పుడు తెలిసింది. మావయ్య మీద కోపం కాదు, ఆయనంత మంచి మనిషి లేడు. మీ అత్తగారికి నెల నెలా ఆవిడ అకౌంట్లో జీతం జమ చెయ్యి, ఎంతైనా సరే. అల్లుడికీ అంతే. వారానికి ఒక పూట ఫోను వేరేవాళ్లకిచ్చి ఆవిడను లేవనివ్వు. బోర్డు మీద డాక్టరుగా నీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, లోపల గోడ మీద మిగతావాళ్ల పేర్లు కూడా రాయించు.

వచ్చే గురువారం పంటు దాటి వస్తాను, వరద నీరు పెరిగి పంటు ఆపేస్తే శనివారం. ఆ అట్ట ముక్క ఇంకా నా దగ్గరే ఉంది, అక్షరాలు కొంచెం చెరిగాయి, తెస్తాను. మొదటి రోజంతా మీ అత్తగారి పక్కన ఫోను దగ్గర నేను కూర్చుంటానని ఆవిడకు చెప్పు.

మీ అత్త