సొంత ప్రొటీన్‌పై రోగనిరోధక శక్తి గురి

ప్రశ్న: నా వయసు 52. నాలుగు నెలల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. ధమనుల్లో పూడికకు కొవ్వు ఒక్కటే కారణం కాదని, మన రక్తంలోని ప్రొటీన్లపై మన రోగనిరోధక వ్యవస్థే దాడి చేస్తుందని చదివాను. నిజమేనా? యాంటీబాడీల పరీక్ష చేయించుకోవాలా? ఇంట్లోవాళ్లు ఇమ్యూనిటీ పెంచే పొడి తాగమంటున్నారు, తాగవచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీరు చదివినదాంట్లో నిజముంది. కాకపోతే ‘దాడి’ అన్న మాట సగం సంగతే చెబుతుంది.

కొలెస్ట్రాల్‌ను మోసుకుతిరిగే ప్రతి ఎల్‌డీఎల్ రేణువు చుట్టూ అపోబీ-100 అనే ఒకే ఒక్క ప్రొటీన్, 4,536 అమైనో ఆమ్లాల పొడవున, నడికట్టులా చుట్టుకొని ఉంటుంది. ఆ రేణువు ధమని లోపలి పొరలోకి దూరి అక్కడే చిక్కుకుపోతే, నెలల తరబడి డబ్బాలో మిగిలిపోయిన నూనెను పాడుచేసే ఆక్సీకరణే దాన్నీ పాడుచేస్తుంది. రూపు మారిన ఆ రేణువులను మాక్రోఫేజ్ కణాలు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) పరాయివిగా భావించి, ఇక చాలు అనే అదుపు లేకుండా మింగి, కొవ్వుతో ఉబ్బి నురుగు కణాలుగా మారతాయి. పూడికకు తొలి పునాది అదే. అపోబీ ముక్కలను గుర్తుపట్టే టీ కణాలు (మరో రకం రోగనిరోధక కణాలు) కూడా మనుషుల రక్తంలో కనిపించాయి.

అయితే ఇదే వ్యవస్థ కాపలా కూడా కాస్తుంది. ఆక్సీకరణం చెందిన ఎల్‌డీఎల్‌కు అతుక్కునే ఐజీఎం రకం యాంటీబాడీలు మాక్రోఫేజ్‌లు దాన్ని మింగకుండా అడ్డుపడతాయి. న్యుమోకాకస్ టీకా ఇచ్చిన ఎలుకల్లో ఇలాంటి యాంటీబాడీలు పెరిగి పూడిక తగ్గిందని 2003లో తేలింది. ఎలుకల సంగతి ఎలుకలదే అనుకోండి. మనుషుల విషయంలో గట్టి సాక్ష్యం 2017లో వెలువడిన కాంటోస్ అనే ఔషధ పరీక్ష: గుండెపోటు వచ్చి, ఒంట్లో లోలోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) తగ్గని 10,061 మందిలో, ఆ వాపును రేపే ఇంటర్‌లూకిన్-1 బీటా అనే ప్రొటీన్‌ను అణచే కనకినుమాబ్ మందు, 150 మిల్లీగ్రాముల మోతాదులో, ఎల్‌డీఎల్‌ను తగ్గించకుండానే గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలను 15 శాతం తగ్గించింది. దానికి మూల్యంగా ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు కాస్త పెరిగాయి.

అపోబీపై యాంటీబాడీల పరీక్ష మీకు అక్కర్లేదు. ఫలితం ఏదైనా చికిత్స మారదు. చిన్న వయసులోనే రక్తం గడ్డకట్టినవారు, పదేపదే గర్భస్రావమైనవారు మాత్రం బీటా-2 గ్లైకోప్రొటీన్-1 అనే మరో రక్త ప్రొటీన్‌పై యాంటీబాడీలు ఉన్నాయేమో చూపించుకోవాలి. అదైనా ఒక్కసారి చూసి తేల్చేది కాదు, కనీసం 12 వారాల ఎడంతో రెండోసారి చేయాలి.

ఇక పొడి సంగతి. కాపలా కాసే చేతినీ కొట్టే చేతినీ వేరు చేసి బలపరచగల పొడి ఏదీ లేదు కనుక మానేయండి. ఇప్పటికే తాగుతుంటే, రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి, ఆ మాట మీ కార్డియాలజిస్టుకు చెప్పండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మాత్రం మానకండి. గోడలోకి దూరే రేణువులనే అది తగ్గిస్తుంది. మీలాంటివారికి ఎల్‌డీఎల్ డెసీలీటరుకు 55 మిల్లీగ్రాముల లోపు ఉండాలని 2019 నాటి యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.