నీట్‌కు గడువు లేదు, ఇంట్లో పెట్టుకోవాలి

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా పాప బైపీసీ తర్వాత రెండేళ్లు నీట్ (మెడికల్ ప్రవేశ పరీక్ష) లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంది. మార్కులు వరుసగా 362, 428, 436. డాక్టర్ తప్ప ఇంకేదీ వద్దంటోంది. మూడోసారికి రెండెకరాలు అమ్మమంటారా?

జవాబు: ఇప్పుడే అమ్మకండి. ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లే రాయనిస్తారు. నీట్‌కు గరిష్ఠ వయసు లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. అందుకే పిల్లలు ఎక్కడ ఆగాలో తెలియక ఏళ్లు పోగొట్టుకుంటున్నారు. ఆ గడువు మీరే పెట్టాలి, అదీ ఫీజు కట్టకముందే.

మార్కులు పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతారు. 2025లో ఫిజిక్స్ కఠినంగా వచ్చి అందరికీ మార్కులు తగ్గాయి. మూడేళ్ల ర్యాంకులు రాసుకోండి. అనంతపురం, కర్నూలు, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మీ కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో హెల్త్ యూనివర్సిటీ జాబితాలో చూడండి.

తర్వాత పాపతో కూర్చుని చివరి పరీక్ష ఓఎంఆర్ (తను నింపిన జవాబు పత్రం), కీ (సరైన జవాబుల జాబితా) దగ్గర పెట్టుకోండి. పోయిన ప్రతి ప్రశ్ననూ మూడు కుప్పలుగా విడదీయండి: పాఠమే రానివి, వచ్చీ తప్పినవి, గుడ్డిగా పెట్టినవి. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1 కాబట్టి వచ్చిన ప్రశ్న తప్పితే 5 మార్కుల తేడా. రెండో, మూడో కుప్పలే పెద్దవైతే ఇంటి దగ్గరే వారానికో మూడు గంటల మాక్ (నమూనా పరీక్ష) రాసి, తప్పులు దిద్దుకుంటే చాలు. మొదటి కుప్ప పెద్దదై, అదీ ఫిజిక్స్‌లోనే అయితే, మళ్లీ హాస్టల్లో చేరి వచ్చిన బయాలజీనే తిరగేయడం వల్ల ర్యాంకు కదలదు. లాంగ్‌టర్మ్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఇంకొక్కసారి రాస్తానంటే రాయనివ్వండి. కానీ ఈ ఏడు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం కూడా రాయాలి. బీఎస్సీ అగ్రికల్చర్‌కు మహానందిలోనే కళాశాల ఉంది. ఆ కోర్సులో చేరేముందు, మధ్యలో మానేస్తే ఫీజు, ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతేమిటో అడిగి తెలుసుకోండి.

విదేశాల్లో ఎంబీబీఎస్ సీటంటూ బ్రోకర్లు వస్తారు. అక్కడ కనీసం 54 నెలల చదువు, 12 నెలల ఇంటర్న్‌షిప్. ఇక్కడికొచ్చాక, విదేశాల్లో చదివినవాళ్లు రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో 300కు 150 రావాలి, మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది ఫీజు చూసి పొలం బేరం పెట్టొద్దు.

పొలం మాట పాప ముందు ఎత్తనే ఎత్తకండి. తన కోసం భూమి పోయిందని తెలిస్తే, 'ఇక చాలు నాయనా' అనాలనిపించినా నోరు రాదు. మాక్ మార్కులు దాస్తున్నా, నిద్ర, తిండి తగ్గినా, పెళ్లిళ్లకు రానంటున్నా చదువు పక్కన పెట్టి మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.