ప్రమోదూత నాటి తాతగారు

ప్రశ్న: మా తాతగారు గత మాఘంలో తొంభై అయిదో ఏట కాలం చేశారు. విశాఖ షిప్‌యార్డులోని మౌల్డ్ లాఫ్టులో వడ్రంగిగా నలభై ఏళ్లు పనిచేశారు. సంవత్సరీకం నాటికి ఆయన జీవితాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి బంధువులకు పంచాలని మా కోరిక. అయితే పుట్టిన సంవత్సరం దగ్గరే ఆగిపోయాము. సర్వీసు రిజిస్టరులో 1933 జులై 1 అని ఉంది. నాన్నగారు 1930 అంటారు. ముత్తాతగారు రాసిన జాతకం కాగితంలో "ప్రమోదూత నామ సంవత్సర మాఘ శుద్ధ సప్తమి" అని ఉంది. విశాఖ మీద బాంబులు పడిన రోజుకు తనకు పదకొండేళ్లు నిండాయని తాతగారు చెప్పేవారు. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇంటి వాటా విషయంలో తాతగారు, చినతాతగారు పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. హుద్‌హుద్ తుపాను మర్నాడు చినతాతగారు గాజువాక నుంచి మంచినీళ్ల డబ్బా పట్టుకుని నడిచి వచ్చాక మళ్లీ కలిశారు. ఆ సంగతి పుస్తకంలో వద్దని పెదనాన్నగారు అంటున్నారు. మామ్మగారు మా దగ్గరే ఉన్నారు, ఆవిడకు ఎనభై ఎనిమిదేళ్లు. ఏం చేయమంటారు?
— ఒక మనవరాలు, మల్కాపురం, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ముత్తాతగారి కాగితాన్నే నమ్మండి. ప్రభవతో మొదలయ్యే అరవై సంవత్సరాల వరుసలో ప్రమోదూత నాలుగోది. మీ తాతగారి తరానికి సరిపోయే ప్రమోదూత 1930 ఉగాదినాడు మొదలై 1931 ఉగాదికి ముందురోజుతో ముగిసింది. మాఘం మన సంవత్సరంలో పదకొండో నెల కాబట్టి ఆ ఏటి మాఘ శుద్ధ సప్తమి, అంటే రథసప్తమి, 1931 జనవరి చివరి వారంలో వచ్చింది. మీ నాన్నగారు సంవత్సరం పేరును మాత్రమే ఇంగ్లీషు లెక్కలోకి మార్చి, నెలను పట్టించుకోకపోవడం వల్ల ఒక ఏడాది వెనక్కి పోయారు. ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది. జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. 1931 జనవరిలో పుట్టిన పిల్లవాడికి ఆనాటికి పదకొండేళ్లు నిండి రెండు నెలలు దాటుతాయి. తాతగారి నోటిమాట, ముత్తాతగారి చేతిరాత ఇంత చక్కగా కలిసిన తరువాత ఇక సందేహానికి తావు లేదు. రిజిస్టరులోని తేదీ ప్రకారం చూస్తే అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లయినా నిండవు.

అలాగని 1933 జులై 1ని దాచిపెట్టకండి. బడిలో వేసేటప్పుడు పంతులుగారి నోటికి వచ్చిన జులై 1 పుట్టినతేదీగా స్థిరపడిపోయిన వారు ఆ తరంలో ప్రతి వీధిలోనూ ఉండేవారు. పదవీ విరమణ, పింఛను కాగితాలన్నీ ఆ తేదీ మీదే నడిచాయి కనుక, రెండు తేదీలనూ వేసి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక వాక్యంలో చెప్పండి.

ఇక ఆయన పని గురించి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేసిన ఈ భాగమే పుస్తకానికి ప్రాణం అవుతుందని నాకు తోస్తున్నది. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ యార్డుకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ 'జల ఉష' నౌకను నీళ్లలోకి వదిలిననాడు మీ తాతగారు పదిహేడేళ్ల కుర్రవాడు. 1952లో ఆ యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. కంపెనీ పోయినా సింధియా అన్న పేరు మాత్రం మీ పక్కనే ఊరి పేరై నిలిచిపోయింది. ఆయన చేరింది కంపెనీ రోజుల్లోనా, ఆ తరువాతనా అన్నది పాత నియామకపు కాగితం ఉంటే చూసి రాయండి. మౌల్డ్ లాఫ్టు అంటే ఏమిటో మీ పిల్లలకు తెలియదు. ఓడ గీతలను చిన్న కాగితం మీది నుంచి తీసుకుని, విశాలమైన చెక్క నేల మీద ఓడ అసలు కొలతల్లోనే గీసి, ఆ గీతల ప్రకారం చెక్కతో నమూనాలు చేసి, ఇనుప రేకులు కోసేవారికి అందించే చోటు అది. అంటే మీ తాతగారు మోకాళ్ల మీద పాకుతూ సగం జీవితం ఓడల మీదనే గడిపారు, అవి ఇంకా ఓడలు కాకముందే. ఇంట్లో ఆయన మడత అడుగుబద్ద కానీ, చెవి వెనుక పెట్టుకునే చప్పటి పెన్సిలు కానీ మిగిలి ఉంటే, అవి ఎలా ఉన్నవి అలాగే ఫొటో తీయించండి. ఇత్తడి బందులను తోమకండి. బొటనవేలు ఆనిన చోట అంకెలు అరిగిపోయి ఉంటే ఆ అరుగుదల స్పష్టంగా కనిపించేటట్టు తీయమని చెప్పండి.

మామ్మగారిని గురించి మీరు రాసింది ఆవిడ వయసు మాత్రమే. ఆ నలభై ఏళ్ల షిఫ్టులను ఇంటి వైపు నుంచి మోసినావిడ ఆమె. "తాతగారు ఎలాంటివారు?" అని అడిగితే "దేవుడమ్మా" అని కళ్లు తుడుచుకుంటారు, అంతకు మించి రాదు. తెల్లవారి షిఫ్టుకు పొయ్యి ఎన్నింటికి వెలిగించేవారు, క్యారేజీలో ఏమి సర్దేవారు, జీతం రోజున డబ్బు ఎవరి చేతిలో పెట్టేవారు, సింహాచలం గిరి ప్రదక్షిణకు ముప్పై రెండు కిలోమీటర్లూ కలిసి నడిచిన ఏడాది ఏదైనా ఉందా అని అడగండి. సంవత్సరాలు అడగవద్దు. ఉక్కు ఉద్యమానికి ముందా తరువాతా, నయాపైసలు వచ్చాకనా అంటే తడుముకోకుండా చెబుతారు. మొదటిది 1966, రెండోది 1957 ఏప్రిల్ 1. మిగిలిన లెక్క మీరు చూసుకోవచ్చు. ఫోనులో రికార్డు చేసుకోండి, కానీ ఒక్కరోజులో అంతా అడిగి ఆవిడను అలిసిపోనివ్వకండి. మా తాతగారిని సంక్రాంతికి వెళ్లినప్పుడు అడుగుదామని నేను మూడు సంక్రాంతులు వాయిదా వేశాను. నాలుగో సంక్రాంతికి ఆయన లేరు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మిగిలింది అన్నదమ్ముల మాట. మీ పెదనాన్నగారి భయం న్యాయమైనదే. ఆస్తి తగాదా అచ్చులోకి వస్తే మానిన పుండును గోకినట్టవుతుంది. కనుక ఎవరి వాటా ఎంత, తప్పు ఎవరిది, మధ్యవర్తులు ఏమన్నారు అన్నవి ఒక్క అక్షరం రాయకండి. కానీ పదకొండేళ్లు మాట లేదన్న సంగతి పూర్తిగా తీసేస్తే 2014 అక్టోబరు 12న వచ్చిన తుపాను మర్నాడు జరిగినదానికి అర్థమే ఉండదు. కూలిన చెట్లు దాటుకుంటూ, బస్సులు లేని రోడ్డు మీద, వయసు మళ్లిన మనిషి అన్నగారింటికి నీళ్లు మోసుకొచ్చాడు. మీ పుస్తకం మొత్తంలో అంతకంటె గొప్ప పేజీ నాకు కనిపించడం లేదు. అది తాతగారి గొప్పతనం కంటె చినతాతగారి గొప్పతనాన్ని చెబుతుంది కాబట్టి ఆ ఇంటివారికి బాధ కలగదని నా నమ్మకం. అయినా ఆ పేజీని ముందుగా చినతాతగారి పిల్లలకు చదివి వినిపించండి. మార్చమంటే మార్చండి, వద్దంటే ఆపేయండి. తలుపు తీసింది ఎవరు, మొదట ఎవరు ఏమని పిలిచారు అన్నది మామ్మగారికి గుర్తుంటుంది. ఆ మాటలను ఆవిడ యాసలోనే, సరిదిద్దకుండా వేయండి.