రంగు తేడా అని చీర వెనక్కి వస్తుంటే, బంగారం తాకట్టు పెట్టి కెమెరా కొనాలా?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. కలంకారీ చీరలు చేస్తాను. ఒక్కో చీరకు గుడ్డ, రంగులు కలిపి రూ.2,600 ఖర్చు, 14 రోజుల పని. తిరుపతిలో ఒక షాపులో పెడితే రూ.9,000కు అమ్మి 30 శాతం కమీషన్ పట్టుకుంటారు. డబ్బు రెండు మూడు నెలలకు గానీ ఇవ్వరు. అందుకే వాట్సాప్‌లో నేనే రూ.8,500కు అమ్ముతున్నాను, కొరియర్ రూ.150 నాదే. కానీ పదిలో మూడు ‘ఫొటోలో రంగు వేరుగా ఉంది’ అని వెనక్కి వస్తున్నాయి. రానూపోనూ కొరియర్, ఇస్త్రీ కలిపి అలాంటిదానికి రూ.400 పోతోంది. బంగారం మీద రూ.2 లక్షలు తెచ్చి మంచి కెమెరా, లైట్లు కొనమని బంధువులు అంటున్నారు. కొనమంటారా?

జవాబు: వద్దమ్మా. ముందు మీ రోజు కూలి లెక్క చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో అది ఎక్కడా లేదు.

షాపు చీర మీద కమీషన్ పోగా మీకు వచ్చేది రూ.6,300. ఖర్చు తీస్తే రూ.3,700, అంటే రోజుకు రూ.264. అదే చీర మీరు నేరుగా అమ్మితే అన్నీ పోగా రూ.5,750, రోజుకు రూ.410. ఇక్కడిదాకా మీ ఆలోచన సరైనదే. కానీ పదిలో మూడు తిరిగొస్తే? ఏడు చీరల మీద వచ్చిన రూ.40,250లోంచి ఆ మూడింటి కొరియర్ రూ.1,200, వాటి గుడ్డ, రంగుల ఖర్చు రూ.7,800 తీసేయండి. రూ.31,250 మిగిలింది. 140 రోజుల పనికి పంచితే రోజుకు రూ.223. షాపులో వచ్చేదానికంటే తక్కువ! ఆ మూడు చీరలూ తర్వాత ఎప్పుడో అమ్ముడుపోవచ్చు. అవి పోయేదాకా మీ 42 రోజుల కష్టం బీరువాలోనే ఉంటుంది. మీకు నష్టం కొరియర్ డబ్బుల్లో కాదు, ఇక్కడ జరుగుతోంది.

కాబట్టి రంగు తేడా తగ్గించడమే మీకు ఇప్పుడు అన్నిటికంటే లాభమైన పని. దానికి రూ.2 లక్షలు అక్కర్లేదు.

సాయంత్రం ట్యూబ్‌లైటు కింద చీర నిండుగా ఫ్రేములో పట్టేలా ఫొటో తీస్తే, ఫోన్ తెలుపు ఏదో తానే ఊహించుకుని రంగులన్నీ జరిపేస్తుంది. ఎరుపు ఎక్కువున్న చీరలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పొద్దున ఎండ నేరుగా పడని వరండాలో, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి. ఫొటోలో ఆ కాగితం పచ్చగానో నీలంగానో కనిపిస్తే ఆ ఫొటో పంపకండి. ఫిల్టర్లు వాడొద్దు. పగటి వెలుగులో ఒకటి, ఇంట్లో బల్బు కింద ఒకటి, రెండు ఫొటోలూ పంపి ఏది దేని కింద తీసిందో రాయండి. వెలుగు మారితే సహజ రంగులు మారినట్టు కనిపిస్తాయని కొనేవాళ్లకు ముందే తెలియాలి.

ఇంకొకటి, ఇది చాలామంది చూసుకోరు. పక్కనున్న రంగును బట్టి కూడా రంగు మారి కనిపిస్తుంది. పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్‌కు నలుపు బాగా లేదని ఫిర్యాదులు వచ్చేవి. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు, పక్కన ఉన్న రంగుల వల్లే నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. 1839లో ఆయన దీన్ని వివరంగా ప్రచురించారు. ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టి మీరు చేసుకునే నలుపుకూ ఇదే వర్తిస్తుంది. అందుకని కొంగు ఒక్కటే దగ్గరగా తీసి పంపితే చాలదు. అంచు, ఒళ్లు, కొంగు కలిసి కనిపించే ఫొటో ఒకటి తప్పనిసరి. వీలైతే ఆర్డర్ ఖాయం చేసేముందు పగటిపూట వీడియో కాల్‌లో చీర చూపించండి. పది నిమిషాల పని, 14 రోజుల పనిని కాపాడుతుంది.

అప్పు సంగతి. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకున్నా రూ.2 లక్షలకు నెలకు రూ.2,000. మీరు నెలకు చేసేదే రెండు చీరలు. సరుకు అమ్ముడుపోని నెలలో కూడా ఆ వడ్డీ ఆగదు, పైగా నగ మీద భయం. ఇంత టెన్షన్ మీకెందుకు?

షాపును పూర్తిగా మానుకోకండి, బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతికి వచ్చే జనం మీ వాట్సాప్‌కు రారు. కానీ ఇచ్చిన ప్రతి చీరకూ తేదీ, ధర రాసి సంతకం చేసిన చీటీ తీసుకోండి. కనీసం గుడ్డ, రంగుల ఖర్చు రూ.2,600 ముందుగా అడగండి. ‘అమ్ముడుపోయాక ఇస్తాం’ అనే పద్ధతి బదులు సరుకు కొనేసే షాపు దొరికితే, ధర కాస్త తగ్గినా దానివైపే మొగ్గండి. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఆన్‌లైన్‌లో ఉచితం, చేయించుకోండి. అది ఉన్న చిన్న ఉత్పత్తిదారు దగ్గర సరుకు కొన్నవాళ్లు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని చట్టం చెబుతోంది.

మూడు నెలలు ఇలా చేసి చూడండి. వెనక్కి వచ్చేవి పదిలో ఒకటికి తగ్గి, చేతిలో అడ్వాన్సుతో కూడిన ఆర్డర్లు ఉండి, గుడ్డ కొనడానికే డబ్బు చాలకపోతే అప్పుడు బ్యాంకులో ముద్ర శిశు రుణం (చిన్న వ్యాపారాల కోసం ఉన్న ప్రభుత్వ పథకం) అడగండి. రూ.50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు.