చాయ్నిక్‌లో చాయ్ ఉండదు

టీని ‘హెర్బాతా’ అనే పోలండ్ వాళ్లు నీళ్లు కాచే కెటిల్‌ను మాత్రం ‘చాయ్నిక్’ అని ఎందుకంటారని ఒకరు నన్ను అడిగారు. పోలండ్ నగరం వ్రోత్స్వాఫ్‌లో చదువుకున్న రెండేళ్లూ ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉన్నాను. ఈ మాట నాకు పాఠంలో కాదు, ఆవిడ వంటింట్లో అర్థమైంది.

వెళ్లిన మొదటి చలికాలం. ఒక సాయంత్రం ఆవిడ ‘వ్స్తావ్ చాయ్నిక్’ అని పొయ్యి వైపు చెయ్యి చూపించారు. నాకు అందులో చాయ్ ఒక్కటే వినబడింది. అమ్మ కట్టి ఇచ్చిన టీ పొడి తీశాను, అల్లం దంచాను, పాలు పోసి బాగా మరగనిచ్చాను. పరాయి దేశంలో మొదటిసారి ఒకరికి చేసి పెడుతున్నానన్న సంతోషం. ఆవిడ వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, ‘బవార్కా!’ అని ఆశ్చర్యపోయారు. పాలు కలిపిన టీకి అక్కడ ఆ పేరు. పాలు పడతాయని బాలింతలకు ఇచ్చే ఆనవాయితీ ఉంది. ఇంట్లో బాలింత ఎవరని అడిగారు.

ఆవిడకు కావలసింది మరిగిన నీళ్లు. ‘ఇంబ్రిక్’ అనే చిన్న పాత్రలో చిక్కటి డికాషన్ అప్పటికే ఉంది. దాన్ని గాజు గ్లాసులోకి కొంచెం వంచుకుని, పైన వేడినీళ్లు పోసి, నిమ్మచెక్క వేసుకోవడం ఆవిడ అలవాటు. చాయ్నిక్‌లో టీ ఆకు పడనే పడదు. పేరులోనే ఉంది చాయ్.

ఆ పేరు రష్యన్ నుంచి వచ్చింది. అక్కడ టీ ‘చాయ్’, టీ పాత్ర ‘చాయ్నిక్’. హెర్బాతా లాటిన్ ‘హెర్బా తేయా’ నుంచి వచ్చింది. మూలం రెండింటికీ చైనాయే. ‘చా’ నేల దారిన రష్యా చేరింది, ‘తే’ డచ్చి ఓడలెక్కి పశ్చిమ ఐరోపా చేరింది. రెండు దారులూ పోలండ్ వంటింట్లో కలిశాయి. పైగా పోలండ్ రాజధాని వార్సా 1815 నుంచి 1915 దాకా రష్యా ఏలుబడిలో ఉంది. ఏ వస్తువు ఎవరి చేతి నుంచి వస్తే వాళ్ల పేరే దానికి నిలుస్తుందని నా గట్టి నమ్మకం. ఇంబ్రిక్ కూడా టర్కీ మాటే. మన కూజా పారసీకం నుంచి రాలేదా? తేనీరులో ‘తే’, చాయ్‌లో ‘చా’ మనమూ రెండూ దాచుకోలేదా?

అందుకే మన చాయ్ పోలండ్ దాకా వెళ్లిందని గర్వంగా పంపే సందేశాలు చూస్తే నాకు బాధేస్తుంది. ఫోనులోని నిఘంటువులు ఇంకా అన్యాయం. కెటిల్ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాయి, ఇంత ప్రయాణాన్నీ మింగేసి.

ఆ రోజు ఆవిడ తన గ్లాసు పక్కన పెట్టి నా టీ రెండు కప్పులు తాగారు. తర్వాత ప్రతి ఆదివారం చాయ్నిక్ మాట ఎత్తకుండా, వాళ్లు టీకి మామూలుగా వాడని ఆ పేరుతోనే, ‘చాయ్?’ అని అడిగేవారు.